ఫోన్ రాని అరగంట

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి రోడ్డు దాటితే ఒక పాత భవనం ఉంటుంది. కింద చీరల దుకాణం, దాని మీద కళ్ళద్దాల కొట్టు, ఆపైన గ్రూప్స్ కోచింగ్ సెంటర్, అన్నిటికన్నా పైన కేబుల్ టీవీ కంపెనీ. లిఫ్టు కోచింగ్ సెంటర్ దాకానే వస్తుంది, మిగిలిన మెట్లు కాళ్ళతో ఎక్కాల్సిందే. ధనరాజ్ ఆ మెట్లు ఇరవై ఆరేళ్ళుగా ఎక్కుతున్నాడు. మొదట్లో వైరు చుట్ట భుజాన వేసుకుని ఎక్కేవాడు, ఇప్పుడు టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్కుతున్నాడు. నలభై ఏడేళ్ళ మనిషికి వచ్చిన పదోన్నతి అంటే అదే అనుకోవాలి.

"కొడుకు ఏం చేస్తడు?" అని చుట్టాలు అడిగితే వాళ్ళమ్మ ఐలమ్మ "టీవీల పని చేస్తడు" అని చెప్పుకునేది. "ఏ ఛానెల్ల కనబడ్తడు?" అని వాళ్ళు ఊరుకోకుండా అడిగేవాళ్ళు. ఐలమ్మకు ఏం చెప్పాలో తోచేది కాదు. నిజానికి ధనరాజ్ చేసే పని చూపించడం కాదు, పారేయడం. టీవీ బొమ్మలో, టీవీ శబ్దంలో ఏది పారేస్తే జనానికి తెలియదో కనిపెట్టి దాన్ని పారేయడం. నెల తిరిగేసరికి జీతం ఇచ్చేది అందుకే.

ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, అది లేకపోతే మన ఇళ్ళలో టీవీ లేదు. బొమ్మను ఉన్నది ఉన్నట్టు పంపాలంటే ఊరంతా తిరిగే ఆ తీగలో పట్టుమని పది ఛానెళ్ళు కూడా పట్టవు. పట్టించాల్సింది మూడు వందలు. అందుకని ఎన్‌కోడర్ అనే మిషను ఒక ఉపాయం చేస్తుంది. వార్తలు చదివే అమ్మాయి వెనక గోడ మారదు కాబట్టి ఆ గోడను మళ్ళీ మళ్ళీ పంపదు. కదిలే పెదాలను మాత్రం పంపుతుంది. డప్పు మోగుతున్నప్పుడు గజ్జె చప్పుడు ఎలాగూ చెవికి ఆనదు కాబట్టి గజ్జెను తీసి పారేస్తుంది. ఇలా పిండగా మిగిలిన ఛానెళ్ళను ఇరవై చొప్పున ఒక్కో వరసలో కట్టి పంపుతారు. ఆ వరసను ఆఫీసులో 'పైపు' అంటారు. పైపు వెడల్పు పెరగదు. ఒక ఛానెల్‌కు ఎక్కువ ఇవ్వాలంటే ఇంకొకదాని నోటి దగ్గర తీయాలి. ఆ వాటాలు పంచేవాడు ధనరాజ్.

పెద్ద కంపెనీలకు బొమ్మ నాణ్యత కొలిచే యంత్రాలు ఉంటాయి. వీళ్ళకూ ఒకటి ఉండేది, అది పాడై మూల కూర్చుంది. దాని మీద ఇప్పుడు నీళ్ళ బాటిళ్ళు పెట్టుకుంటారు. అందుకని ధనరాజ్ తన సొంత పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. ఒక ఛానెల్ వాటా ఒక మెట్టు తగ్గిస్తాడు. కంప్లయింట్ల ఫోను మోగుతుందేమో చూస్తాడు. మోగకపోతే ఇంకో మెట్టు. మోగిందంటే ఒక మెట్టు వెనక్కి. అక్కడ ఆపేస్తాడు. యజమాని గంగాధరరావు తెనాలి వైపు మనిషి. ఆయనకు ఈ పద్ధతి మహా ఇష్టం. ఎవరొచ్చినా "మావాడిది ఫోన్ పరీక్షండీ, లక్షల మిషను దీని ముందు దండగ" అని చెప్పుకునేవాడు. ధనరాజ్ కూడా లోలోపల కాస్త పొంగేవాడు. ఆ పొంగడం కూడా ఈ మధ్య మానేశాడు.

ఈ మధ్య అంటే, ఐలమ్మ పోయినప్పటి నుంచి. పద్నాలుగు నెలలైంది. ఎల్‌బీ నగర్ వైపు ఒక దవాఖానలో నాలుగు రోజులుంచుకుని పంపించారు, ఇంటికొచ్చిన తెల్లారి పోయింది. ధనరాజ్ ఏడవలేదు. బంధువులు "కొడుకు గట్టోడు" అన్నారు. గట్టితనం కాదు. ఏమీ అనిపించలేదు, అంతే. అనిపించనందుకు బాధ కూడా అనిపించలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఆ తిమ్మిరి ఒళ్ళంతా పాకి అక్కడే ఉండిపోయింది. దశదినకర్మ అయిన మర్నాడు డ్యూటీకి వెళ్ళి, గోడ నిండా ఉన్న టీవీల ముందు కూర్చుని, ఎవరి ముఖం గళ్ళుగళ్ళుగా పగులుతోందో చూసుకున్నాడు. నవ్వే ముఖమా ఏడ్చే ముఖమా అన్నది అతనికి ఎప్పుడూ పట్టేది కాదు.

ఇంట్లో మిగిలింది అతనూ చెల్లెలు అంబికా. మన్సూరాబాద్‌లో వాళ్ళ తాతలకు జొన్న పండే భూమి ఉండేది. అది ప్లాట్లయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయి, వీళ్ళ వాటాకు రెండు గదుల ఇల్లూ కిరాయికిచ్చిన ఒక షటరు దుకాణమూ మిగిలాయి. ధనరాజ్‌కు ఒకసారి పెళ్ళయింది. ఆమె రెండేళ్ళుండి "ఈ ఇంట్ల మాట్లాడే మనిషి లేడు" అని చెప్పి అబ్దుల్లాపూర్‌మెట్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. విన్నవాళ్ళంతా అంబిక గురించి అన్నదనుకున్నారు. ఆమె అన్నది ధనరాజ్ గురించి.

అంబికకు పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. ముప్పై తొమ్మిదేళ్ళు. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె చేతి జాకెట్టు కోసం నాగోలు నుంచి కూడా ఆడవాళ్ళు వస్తారు. చిన్నప్పుడు మలక్‌పేటలో చెవిటిపిల్లల బడికి పంపారు. ఐలమ్మ రోజూ బస్సులో తీసుకెళ్ళి, సాయంత్రం దాకా గేటు బయటే కూర్చునేది. పదేళ్ళు అలా కూర్చుని, వచ్చేపోయే పిల్లలనూ టీచర్లనూ చూసి, చేతులతో మాట్లాడటం తనూ నేర్చుకుంది. సంతకం రాని మనిషి కూతురి భాష మాత్రం నేర్చుకుంది. ఇంట్లో ఎవరేం చెప్పాలన్నా ఐలమ్మ ద్వారానే. ధనరాజ్‌కు అవసరం పడలేదు. అతనికి వచ్చిన చేతి మాటలు ఎనిమిది. తిను, నీళ్ళు, వస్తా, పోతా, పడుకో, జ్వరం, కరెంటు బిల్లు, అమ్మ. చీటీ రాసి చూపిద్దామంటే అంబికకు కొలతలూ పేర్లూ 'గురువారం రండి' లాంటి ముక్కలూ తప్ప పెద్ద వాక్యాలు చదవడం కష్టం. ఆమె భాషకు వాక్యం వేరు, కాగితం మీది తెలుగుకు వాక్యం వేరు. బడిలో ఆ రెండోదాన్ని సరిగ్గా నేర్పలేదు.

ఐలమ్మ పోయాక ఆ ఇంట్లో అంబికతో మాట్లాడే మనిషి లేకుండా పోయాడు. రోజుకు అరగంట మాత్రం ఉండేది. ఈ కేబుల్ కంపెనీకే ఒక లోకల్ ఛానెల్ ఉంది, దాని స్టూడియో వేరే చోట. సాయంత్రం ఆరింటికి అందులో లోకల్ వార్తలు వస్తాయి, మూలన చిన్న గడిలో ప్రణతి అనే అమ్మాయి నిలబడి ఆ వార్తలన్నీ చేతులతో చెబుతుంది. ప్రణతికి చెవులు వినబడతాయి, తల్లిదండ్రులకు వినబడవు. అందుకని ఆమె చేతులు పొయ్యి దగ్గర కబుర్లు చెప్పినంత సులువుగా కదులుతాయి. ఆరు కొట్టేసరికి అంబిక మిషను ఆపి, పీట వేసుకుని టీవీ ముందు కూర్చునేది. ఏ కాలనీలో నీళ్ళు రావు, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఎవరు ధర్నా చేశారు, రేపు వాన పడుతుందా, ఇవన్నీ ఆ గడిలోంచి ఆమెకు తెలిసేవి. ఒక్కోసారి ఆ గడికేసి చేతులూపి జవాబు కూడా చెప్పేది. ధనరాజ్‌కు ఇది తెలుసు. మంగళవారం అతనికి సెలవు, అప్పుడు చాలాసార్లు చూశాడు.

ఎనిమిది నెలల కింద మురళీకృష్ణ అనే ఆయన తన కోచింగ్ సెంటర్ పాఠాలకు ఒక ఛానెల్ కావాలని వచ్చాడు. గుంటూరు మనిషి, లెక్కల మాస్టారు. గంగాధరరావు ధనరాజ్‌ను పిలిచి, "అదే పైపులో కాస్త సర్దవయ్యా ధనరాజూ" అన్నాడు.

"ఇరవై ఉన్నయి సార్. ఇరవై ఒకటి పెడితే అన్నీ చెడ్తయి."

"మామూలు బొమ్మ కాదండీ నాది, బోర్డు మీద అంకెలు," అన్నాడు మురళీకృష్ణ. "దశాంశం చుక్క కనపడాలి. చుక్క కనపడకపోతే అక్కడ కానిస్టేబుల్ ఉద్యోగం పోతుంది."

"నీ ఫోన్ పరీక్ష ఉందిగా," అన్నాడు గంగాధరరావు. "ఎక్కడ ఫోన్ రాదో అక్కడ తీసేయ్."

ధనరాజ్ పని మొదలుపెట్టాడు. సీరియల్ ఛానెల్‌కు ఒక మెట్టు తగ్గించాడో లేదో, కంప్లయింట్ల ఫోను చూసే విజయశ్రీ గదిలోంచి కేక వేసింది. "అన్నా, కోడలు ముక్కు కనబడ్తలేదంట!" వెనక్కి తీసుకున్నాడు. భక్తి ఛానెల్ తగ్గిస్తే చైతన్యపురి నుంచి రిటైరైన పెద్దమనుషులు వరసగా అందుకున్నారు. క్రికెట్ జోలికి వెళ్ళే ధైర్యం ఎవడికీ లేదు. చివరికి లోకల్ ఛానెల్. పొద్దున ఒక మెట్టు తగ్గిస్తే కార్పొరేటర్ మనిషి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం తగ్గిస్తే వంటల కార్యక్రమం అభిమాని ఒకావిడ చేసింది. సాయంత్రం ఆరింటికి తగ్గించాడు. ఫోను మోగలేదు. ఇంకో మెట్టు తగ్గించాడు. మోగలేదు. ఇంకోటి. విజయశ్రీ చాయ్ తాగుతూ కూర్చుంది. వారం రోజులు చూశాడు, ఆ అరగంటకు ఒక్క కంప్లయింటు లేదు. రిజిస్టర్‌లో ఆ సంగతి రాసి, రోజూ ఆరు నుంచి ఆరున్నర దాకా లోకల్ ఛానెల్ వాటా దానంతటదే అడుగుకు పడిపోయేలా మిషనుకు సమయం కట్టేశాడు. మిగతా వేళల్లో ఎలాగో సర్దుకుపోయింది, సాయంత్రం మాత్రం ఎవరికి ఏం కావాల్సి వచ్చినా ఆ అరగంటలోంచే తీశాడు. బంగారు గని దొరికిందన్నాడు గంగాధరరావు.

అంత తక్కువ వాటాలో మిషను ఏం చేస్తుంది? పెద్దగా ఉన్న వార్తల అమ్మాయి ముఖాన్ని కాపాడుతుంది, ఎందుకంటే అది మెల్లగా కదులుతుంది. మూలన చిన్న గడిలో గబగబా కదిలే పది వేళ్ళను కాపాడలేదు. వేళ్ళన్నీ కలిసి ముద్దయిపోతాయి. మాటలు మాత్రం శుభ్రంగా వినబడతాయి. కాబట్టి వినేవాళ్ళెవరికీ అందులో లోపం తెలియదు. లోపం తెలిసేవాళ్ళు ఫోన్ చెయ్యరు. ఎందుకు చెయ్యరో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఇరవై ఆరేళ్ళ అనుభవమున్న ధనరాజ్‌కు, అలాంటి చెల్లెలు ఇంట్లో ఉన్న ధనరాజ్‌కు, తోచలేదు. అతను దుర్మార్గుడై కాదు. మోగని ఫోను అంటే అంతా బాగున్నట్టే అని అతని బుర్ర ఎప్పుడో రాసేసుకుంది.

ఇంట్లో జరిగింది కూడా అతను చూశాడు, చూసి వదిలేశాడు. ఒక మంగళవారం అంబిక పీటను టీవీకి దగ్గరగా జరుపుకుంది. పై వారం ఇంకా దగ్గరికి. తర్వాత ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరికి. తడిగుడ్డతో టీవీ తుడిచింది. కేబుల్ డబ్బా ఊపింది. బిల్లుకొచ్చిన కేబుల్ కుర్రాళ్ళకు చూపిస్తే, వాళ్ళు సెట్‌టాప్ బాక్సు రెండుసార్లు మార్చి, వైరు కూడా మార్చి, సిగ్నల్ మంచిగనే ఉందని చెప్పి పోయారు. ఒక రోజు అంబిక అన్న ముందుకొచ్చి టీవీని చూపించి చేతులతో ఏదో చాలాసేపు చెప్పింది. ధనరాజ్ తల ఊపాడు, అన్నం తినమంటుందేమోనని లేచి కంచం తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆరింటికి ఆమె మిషను ఆపడం మానేసింది. ఆరయినా ఏడయినా తొక్కుతూనే ఉండేది. పని ఎక్కువుందేమో అనుకున్నాడు.

మొన్న వేసవి ముందు ఒక మధ్యాహ్నం, మెట్ల మీద చాలా కాళ్ళ చప్పుడు వినిపించింది గానీ ఒక్క మాట కూడా వినిపించలేదు. విజయశ్రీ వచ్చి, "అన్నా, పన్నెండు మంది ఒచ్చిన్రు, ఎవ్వరు మాట్లాడ్తలేరు, జర రా" అంది. ధనరాజ్ బయటికి వచ్చాడు. పన్నెండు మంది చెవిటివాళ్ళు గోడ పొడుగునా నిలబడి ఉన్నారు. ముందు ప్రణతి. ఆమెను అంత పెద్దగా అతను ఎప్పుడూ చూడలేదు.

"అన్నా, ఆరు గంటల వార్తలల్ల నా చేతులు కనబడ్తలేవంట," అంది ప్రణతి. "ఎనిమిది నెలల సంది. నాకు ఈ మధ్యనే చెప్పిన్రు. నేనుండేది కూకట్‌పల్లి, ఆడ వేరే కేబులు. స్టూడియోల చూస్తే మంచిగనే కనబడుతది."

"మరి కంప్లయింట్ ఇయ్యలే?" అంది విజయశ్రీ, తన రిజిస్టర్ మీదికి నింద రాకుండా.

తెల్లజుట్టు పెద్దాయన ఒకరు తన ఫోను తీసి చూపించాడు. ఆఫీసు నంబరుకు పంపిన మెసేజ్‌లు. నలభైకి పైగా ఉన్నాయి. ఒకటే మాట, రోజూ. 'చేయి లేదు. ఆరు గంట.'

"ఇది ల్యాండ్‌లైన్ కదా," అంది విజయశ్రీ గొంతు తగ్గించి. "దీనికి మెసేజ్‌లు రావు."

అప్పుడు వెనక వరసలోంచి అంబిక ముందుకొచ్చింది, చిన్నప్పటి బడి స్నేహితులు ఆమెను కూడా వెంటబెట్టుకొచ్చారు. అన్నను చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. అన్న టీవీలో పని చేస్తాడని తెలుసు గానీ, పని ఇక్కడేనని ఆమెకు తెలియదు. అతని చెయ్యి పట్టుకుని మిగతావాళ్ళ వైపు తిరిగి, గబగబా ఏదో చెప్పింది. అందరి ముఖాలూ విప్పారాయి. పెద్దాయన వచ్చి ధనరాజ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఇంకొకామె దండం పెట్టింది.

"మా అన్ననే, ఇగ పని అయిపోయినట్టే అంటుంది మీ చెల్లె," అని ప్రణతి నవ్వింది. "ఎవరు చేసిన్రన్నా గిట్ల?"

ధనరాజ్ ఫోను వైపు చూశాడు, రిజిస్టర్ వైపు చూశాడు. "మిషిన్ల ప్రాబ్లం," అన్నాడు. "ఇయ్యాల ఠీక్ చేస్త."

ప్రణతి అది చేతులతో చెప్పింది. పన్నెండు మందీ నమ్మారు. అంబిక అందరికంటే ఎక్కువ నమ్మింది.

సరి చెయ్యడానికి రెండు నిమిషాలు పట్టింది. కట్టిన సమయాన్ని తీసేసి, అరగంటకు లోకల్ ఛానెల్ వాటాను రెట్టింపు చేశాడు. ఆరు కొట్టగానే తెర మూలన వేళ్ళు ఒకటొకటిగా విడివడ్డాయి. ఉంగరం కూడా కనబడింది. ఎనిమిది నెలలు చెడింది సరిచేయడం రెండు నిమిషాల పనా అని ఎవరైనా అడిగితే అతను అవుననే చెప్పాలి. ఎవరూ అడగలేదు.

ఆరూ పదికల్లా మురళీకృష్ణ ఫోన్ చేశాడు. దశాంశాలు పోయాయి. గంగాధరరావు గది దాకా వచ్చాడు.

"ఏవయ్యా, ఫోను వచ్చిన చోట తీయకూడదని నువ్వేగా సూత్రం పెట్టావు?"

"పెట్టిన సార్. తప్పు పెట్టిన."

గంగాధరరావు తెర మీద ఆ గడికేసి కాసేపు చూశాడు. ఆయన మనసు మరీ రాయి కాదు. "సర్లే, ఆ అరగంట మురళీకృష్ణని టీ విరామం ఇచ్చుకోమంటాను," అని వెళ్ళిపోయాడు.

పని అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఆ రాత్రి నుంచి అంబిక అన్న కంచంలో రోజూ ఒక గుడ్డు వెయ్యడం మొదలుపెట్టింది. అమ్మ ఉన్నప్పుడు పండగ రోజు మాత్రం వేసేది. అంబిక గుడ్డు వేసి, టీవీని చూపించి, అతని భుజం తట్టి నవ్వేది. తిమ్మిరెక్కిన కాలిలోకి రక్తం తిరిగి వచ్చేటప్పుడు సూదులు గుచ్చినట్టుంటుంది కదా, ఆ గుడ్డు ధనరాజ్‌కు అలా గుచ్చుకునేది. తిమ్మిరే నయం అనిపించేది. చెబితే తప్ప ఇది పోదని తెలుసు. ఎలా చెప్పాలి? అతని దగ్గరున్న ఎనిమిది మాటల్లో ఈ సంగతి పట్టదు.

ప్రణతికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. "నువ్వే మా చెల్లెకు చెప్పు. నువ్వు చెప్తే అర్థమైతది."

"నేను చెప్పనన్నా," అంది ప్రణతి. కోపం దాచుకోలేదు. "మీరు చేసిన పని మీ చేతులతోనే చెప్పున్రి. రాకుంటే నేర్చుకోన్రి. మూసారాంబాగ్ మెట్రో కాడ టిఫిన్ హోటల్ల ఐతారం పొద్దున మావోళ్ళంత కూడుతరు. రాండ్రి."

వెళ్ళాడు. నాలుగు ఆదివారాలు వెళ్ళాడు, అంబికకు తెలియకుండా; కుట్టు పని వదిలి ఆమె అక్కడికి వెళ్ళదు. నలభై ఏడేళ్ళ మొద్దు వేళ్ళతో పసిపిల్లాడిలా నేర్చుకున్నాడు. నేను, నువ్వు, చూడటం, తగ్గించడం, తప్పు, తెలుసు, ఉంటే, లేకపోతే. అదే తెల్లజుట్టు పెద్దాయన ఇడ్లీ తింటూ అతని బొటనవేలు పట్టుకుని సరిచేసేవాడు. ఆ పెద్దాయనకు కూడా నిజం తెలియదు. చెల్లెలి కోసం నేర్చుకునే అన్న అని ఆయన అందరికీ చూపించి మెచ్చుకునేవాడు. డ్యూటీలో గోడ నిండా టీవీల ముందు కూర్చుని ధనరాజ్ అవే మాటలు ఒళ్ళో చేతులతో మళ్ళీ మళ్ళీ తిప్పుకునేవాడు. విజయశ్రీ చూసి, అన్నకు ఏమన్నా అయిందేమోనని పరేషాన్ అయింది.

నాలుగో ఆదివారం తర్వాతి మంగళవారం ఆరింటికి అంబిక పీట మీద కూర్చుంది. ధనరాజ్ వచ్చి పక్కనే చాప మీద కూర్చున్నాడు. ప్రణతి వేళ్ళు శుభ్రంగా కదులుతున్నాయి. హయత్‌నగర్‌లో కరెంటు పోవడం, ఎల్‌బీ నగర్‌లో ఫ్లైఓవర్ కింద నీళ్ళు నిలవడం. అతనికి నాలుగు మాటల్లో ఒకటి దొరికింది. ఆరున్నరకు వార్తలయ్యాయి. అంబిక లేవబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

టీవీ చూపించాడు. ఆరు. చేతులు. తగ్గించింది, నేను. మిషను కాదు, నేను.

అంబిక ముందు అతని చేతులకేసి ఆశ్చర్యంగా చూసింది. ఆ చేతులకు మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కానట్టు నవ్వబోయింది. తర్వాత ఆ మాటలు చేరాయి. నవ్వు ఆగిపోయింది. మళ్ళీ చెప్పమంది. అతను మళ్ళీ చెప్పాడు. ఫోన్ రాలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అందుకని తగ్గించాను. తప్పు.

ఆమె అడిగింది, మెల్లగా, అతనికి అందేలా. నేను చూస్తానని నీకు తెలుసా?

అబద్ధం చెప్పడానికి కూడా కొన్ని మాటలు కావాలి. అవి అతను నేర్చుకోలేదు. తెలుసు, అన్నాడు.

అంబిక కళ్ళలో నీళ్ళు రాలేదు, కోపం కూడా పెద్దగా కనబడలేదు. ఆమె చేతులు లేచాయి. రెండే ముక్కలు చెప్పింది.

అమ్మ ఉంటే. ఫోన్ చేసేది.

ధనరాజ్‌కు అందులో ఒక్క ముక్క కూడా పోకుండా అర్థమైంది. చెల్లెలు చెప్పిన మాట మొదటి నుంచి చివరి దాకా అర్థం కావడం అతని జన్మలో అదే మొదటిసారి. అంబిక లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుంది, అటు తిరిగి తొక్కడం మొదలుపెట్టింది. అతనికి అమ్మ గుర్తొచ్చింది. పోయిన అమ్మ కాదు, ఆ బడి గేటు బయట పదేళ్ళు కూర్చున్న అమ్మ. పద్నాలుగు నెలలుగా రాని ఏడుపు వచ్చింది. ఆపుకోలేక గట్టిగా, పక్కింటివాళ్ళకు వినబడేలా ఏడ్చాడు. షటరు కిరాయి తీసుకున్న మనిషి తలుపు దాకా వచ్చి తొంగిచూసి వెళ్ళాడు. మిషను ఆగలేదు. వెనక అన్న ఏడుస్తున్నాడని అంబికకు తెలిసే దారి లేదు. తెలియాలంటే లేచి వెళ్ళి భుజం తట్టాలి.

కాసేపటికి ధనరాజ్ లేచాడు.